బంక, తోలు, కాలిపరు: బృహదణువుల చరిత్రలో కొన్ని సంభాషణలు

నేను చరిత్ర చదివి పట్టము పుచ్చుకొనినవాడను. ఉద్యోగము సచివాలయమున, నిత్యకృత్యము, ఒకరు వ్రాసిన దానిపై మఱియొకటి వ్రాసి పైకి పంపుట. రసాయన శాస్త్రముతో నాకు గల పరిచయము ఉన్నత పాఠశాలతోనే ముగిసినది. అట్టివాడు పాలిమరులను గూర్చి వ్రాయబూనుట సాహసమని పాఠకులు తలచినచో తప్పులేదు. ఈ సాహసమునకు మూలము ద్వారకయందు మా పొరుగున నివసించు ఒక పెద్దమనిషి. వారు కృష్ణా తీరమున పుట్టి, ముప్పది యేండ్లు వివిధ ప్రయోగశాలలలో పనిచేసి, ఇప్పుడు విశ్రాంతి గైకొనియున్న రసాయన శాస్త్రజ్ఞులు. సాయంకాలము మేమిరువురము ఉద్యానవనమున నాలుగు చుట్లు తిరిగి, చివర సిమెంటు బల్లపై కూర్చుండి మాటలాడుకొనుట పరిపాటి.

ఒకనాడు గాలికి ఒక ప్లాస్టిక్కు సంచి ఎగిరి వచ్చి నా కాలికి చుట్టుకొనెను. “ఈ పాలిమర్లు లోకాన్ని పాడుచేశాయండీ” అని విసుగుకొంటిని. వారు నవ్వి, “మీరు కట్టుకున్న ఖద్దరు పాలిమరే. దానికి పెట్టిన గంజి పాలిమరే. మీ చెప్పుల తోలు, మధ్యాహ్నం తిన్న అన్నం, మీ ఒంట్లో కండ, అన్నీ పాలిమర్లే. ప్లాస్టిక్కు వాటిలో కడగొట్టు బిడ్డ, అంతే” అనిరి.

ఆ మాటతో నా కన్నులు తెఱచుకొనినవి. వారు చెప్పిన వివరణము సులభమైనదే. చిన్న అణువు నొకదానిని తీసికొని, దానికి అట్టిదే మఱియొకటి, దానికి ఇంకొకటి తగిలించుచు పోయినచో వేలకొలది కడియముల పొడవాటి గొలుసు ఏర్పడును. అదియే పాలిమరు, మన పండితులు పెట్టిన పేరు బృహదణువు. గొలుసు పొడవైన కొలది పదార్థమునకు క్రొత్త గుణములు వచ్చును. సాగుట, వంగుట, అంటుకొనుట, పలుచని పొరగా పరచుకొనుట, ఇవన్నియు ఆ పొడవు వలన వచ్చునవే. గంజి చిక్కబడి బట్టకు బిఱుసునిచ్చుటకు బియ్యములోని అట్టి గొలుసులే కారణము.

శాస్త్రము అంతవరకు నాకు చాలినది. కాని చరిత్ర విద్యార్థికి సహజముగా తోచు ప్రశ్న వేఱొకటి కలదు. ఈ విద్య ప్రయోగశాల గడప దాటి జనుల యింటికి ఎట్లు చేరినది? ఎవరు ఎవరిని అడుగగా చేరినది? ఈ ప్రశ్నకు పలు సాయంకాలములు, పలువురు పరిశోధకుల మాటలు కలసి ఇచ్చిన సమాధానమే ఈ వ్యాసము.

కథ లక్కతో మొదలుపెట్టుట న్యాయము. పాండవులను దహింప నిర్మించిన లక్కయింటి కథ తెలియని తెలుగువాడు లేడు. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై వ్రాలిన చిన్న పురుగులు స్రవించు జిగురే లక్క. విశాఖ సీమయందలి ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱను తరిమెన పట్టి, తిరుగుచున్న బొమ్మకు రంగు కలిపిన లక్కను ఒత్తి మెఱుగు పెట్టు పనివారికి, వేడి తగిలిన ఈ జిగురు ఎప్పుడు కరగునో, ఎప్పుడు బిగియునో చేతివ్రేళ్లకే తెలియును. మన తాతల కాలమునాటి గ్రామఫోను రికార్డులు సయితము లక్క కలిపి అచ్చుపోసినవే. ఈ సరకునకు గల విలువను గుర్తించియే 1924లో రాంచీ సమీపమున నామ్‌కుమునందు లక్క పరిశోధనాలయము స్థాపింపబడెను.

ఇచ్చట ఒక విశేషము చెప్పవలెను. విద్యుచ్ఛక్తి వ్యాపించిన కొలది తీగెలకును, పరికరములకును విద్యున్నిరోధకముగా లక్కకు గిరాకి పెరిగెను. దానికి బదులు పదార్థమును కనుగొనవలెనని బెల్జియములో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేక్‌లాండు అను రసాయన శాస్త్రజ్ఞుడు శ్రమించెను. 1907లో ఆయన ఫినాలు, ఫార్మాల్డిహైడు అను రెండు ద్రవ్యములను కలిపి, వేడిమికిని ఒత్తిడికిని గురిచేసి తయారుచేసినదే బేకలైటు. పూర్తిగా కృత్రిమమైన ప్లాస్టిక్కులలో అదియే మొదటిది. మన అడవులలోని పురుగు చేయు పనిని సీసాలో చేయించుటకై వెదకుచుండగా ప్లాస్టిక్కు యుగము ప్రారంభమైనదన్నమాట.

అయినను అప్పటికి ఈ పదార్థముల అంతర్నిర్మాణము పండితులకు తెలియదు. 1920లో హెర్మన్ స్టౌడింగరు అను జర్మను శాస్త్రజ్ఞుడు ఇవి పొడవాటి గొలుసు అణువులని ప్రతిపాదింపగా, అంతటి పెద్ద అణువులు ఉండనేరవని తోటివారు చాలకాలము వాదించిరి. ఆయనకు నోబెలు బహుమతి లభించినది 1953లో. బొమ్మ చేయువాని చేతికి తెలిసినది శాస్త్రజ్ఞుని బుద్ధికి తెలియుటకు అంతకాలము పట్టెను. పని యెఱిగినవాడు ఒక గట్టునను, కారణ మెఱిగినవాడు ఒక గట్టునను ఉన్నంతకాలము ఏటిపై వంతెన లేదు. ఆ వంతెన మన దేశమున ఎట్లు పడినదో చెప్పుటకు మా పొరుగు పెద్దలు ఎన్నుకొనిన మొదటి ఉదాహరణము శాంతిస్వరూప భట్నాగరు.

భట్నాగరు 1894లో పంజాబునందలి భేరాలో జన్మించిరి. లండనులో పట్టము పొంది, కాశీ హిందూ విశ్వవిద్యాలయమున మూడేండ్లు బోధించి, 1924 మొదలు 1940 వరకు లాహోరున ఆచార్యులుగా ఉండిరి. ఆ కాలమున రావల్పిండి ప్రాంతమున చమురు బావులు త్రవ్వుచున్న అటాక్ చమురు కంపెనీకి ఒక చిక్కు వచ్చి పడెను. బోరు త్రవ్వునప్పుడు లోపలి పనిముట్టు చల్లబడుటకును, రాతి పొడి పైకి కొట్టుకొని వచ్చుటకును నీట కలిపిన బంకమట్టి అడుసును లోనికి పంపుచుందురు. భూగర్భమందలి ఉప్పునీరు తగిలినంతనే ఆ అడుసు పేరుకొని గట్టిపడి, పని నిలిచిపోవుచుండెను. యంత్రము నిపుణులకు తెలియును, బావి పనివారికి తెలియును. కాని అడుసు ఏల గట్టిపడుచున్నదో ఎవరికిని తెలియదు. వారు ఆచార్యుని తలుపు తట్టిరి.

ఆచార్యుడు ఇది యంత్రముల సమస్య కాదనియు, నీటిలో తేలియాడు సూక్ష్మ మృత్కణముల సమస్య యనియు గ్రహించెను. ఆ అడుసులో మన దేశపు చెట్టు బంకను కొంచెము కలిపినచో, ఉప్పు తగిలినను అది పేరుకొనక పలుచగా ప్రవహించునని కనుగొనెను. బంకలోని పొడవాటి గొలుసు అణువులు మట్టి రేణువులను కప్పి, ఒకదానితో నొకటి అంటుకొనకుండ కాపాడును. సమస్య తీరెను. సంతసించిన స్టీల్ బ్రదర్సు సంస్థ పరిశోధన నిమిత్తము 1,50,000 రూపాయలు ఇవ్వజూపెను. ఆ కాలమున అది సామాన్యమైన మొత్తము కాదు. భట్నాగరు దానిని సొంతమునకు కోరక విశ్వవిద్యాలయము ద్వారా స్వీకరించి, పెట్రోలియము పరిశోధన శాఖను నెలకొల్పిరి. మైనపు వాసన పోగొట్టుట, కిరసనాయిలు దీపపు మంట ఎత్తు పెంచుట వంటి ఇంటింటి అవసరములు ఆ శాఖయందు పరిశోధనాంశములైనవి.

బంక ప్రసంగము వచ్చినప్పుడు మన మన్యమును తలచుకొనవలెను. తూర్పు కనుమలయందలి గిరిజనులు తపసి చెట్టు నుండి సేకరించు బంక నీటిలో నానిన ఎన్నోరెట్లు ఉబ్బును. కట్టుడు పండ్లను చిగుళ్లకు అంటించు పొడిలోను, ఔషధములలోను, ఆహార పరిశ్రమలోను అది ఉపయోగపడును. 1956లో విశాఖపట్టణము కేంద్రముగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేయు అటవీ వస్తువులలో ఈ బంక ముఖ్యమైనది. చెట్టుకు గాటు పెట్టు గిరిజనుడును, బృహదణువును తూచు శాస్త్రజ్ఞుడును ఎఱిగినది ఒకే పదార్థము. ఇరువురు ఎదురుపడుటయే అరుదు.

యుద్ధ కాలమున భట్నాగరు ప్రభుత్వమునకు చేరువైరి. 1940 ఏప్రిల్ 1వ తేదీన ఏర్పడిన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన బోర్డునకు డైరెక్టరైరి. 1942 సెప్టెంబరు 26న శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి, అనగా మనమందఱము ఎఱిగిన సి.ఎస్.ఐ.ఆర్., అవతరించెను. మొదట కలకత్తాలో నడచిన ప్రయోగశాల యుద్ధము నడుమ ఢిల్లీకి తరలివచ్చెను. విషవాయువులకు తాళు బట్ట, క్రింద పడినను పగులని డబ్బాలు, విదేశముల నుండి రాని సరకులకు బదులు సరకులు, ఇవి నాటి పనులు. 1947 జనవరి 4న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన జాతీయ భౌతిక ప్రయోగశాలను 1950 జనవరి 21న సర్దార్ పటేలు ప్రారంభించిరి. పూసా వైపు బస్సులో పోవుచు ఆ కట్టడమును మనము చూచుచునే ఉందుము.

మన వర్గమువారు గమనింపవలసిన సంగతి ఇందొకటి కలదు. భట్నాగరు కేవలము శాస్త్రజ్ఞులు కారు. భారత ప్రభుత్వమున కార్యదర్శి పదవిని కూడ నిర్వహించిరి. మనము త్రిప్పు ఫైళ్ల వంటివే వారును త్రిప్పిరి. 1955 జనవరి 1న మరణించు వరకు ఆ రెండు పనులను విడువలేదు. వచ్చిన కాగితము వెనుక ఒక అడుసు గుంట, దాని ప్రక్క పని నిలిచి నిలుచున్న ఒక మనిషి ఉందురని వారికి తెలిసియుండును. ఏలన, వారు ఆ గుంట కథను స్వయముగా విన్నవారు.

రెండవ ఉదాహరణము తోలు. ఈ ప్రసంగము మా పెద్దలకు ప్రియమైనది. మాకు ఒక వారము పట్టినది.

పచ్చి చర్మము రెండు మూడు దినములలో కుళ్లిపోవును. ఎండబెట్టినచో రేకువలె బిఱుసెక్కును. అదే చర్మమును తంగేడు పట్టయు కరక్కాయయు నానిన లంద గుంటలో ఊరవేసినచో మెత్తనై, ఏండ్ల తరబడి చెడక నిలుచును. మన గ్రామములలో ఈ విద్య తరతరములుగా ఉన్నది. తోలులోని ముఖ్య పదార్థము కొలాజెను అను బృహదణువు. తంగేడు పట్టలోని ఒగరు ద్రవ్యములు ఆ గొలుసుల మధ్య చేరి, వాటిని ఒకదానితో నొకటి ముడివేయును. అట్లు ముడిపడిన గొలుసుల జోలికి కుళ్లజేయు సూక్ష్మజీవులు తేలికగా పోలేవు. ఊళ్లో తోలు ఊరవేయు మనిషికి ముడి సంగతి తెలియదు గాని, ఎన్నాళ్లు ఊరవలెనో, నీరు ఏ రంగు తేలినప్పుడు తీయవలెనో తెలియును.

కొలాజెను ఆకృతి వెల్లడియైన కథయందును ఒక సంభాషణమే మూలము. 1952లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జె.డి. బెర్నాలు మద్రాసు విశ్వవిద్యాలయమునకు వచ్చి, అప్పుడే అచ్చట ఆచార్యుడైన జి.ఎన్. రామచంద్రనుతో మాటలాడుచు, కొలాజెను నిర్మాణము ఇంకను తేలలేదని చెప్పెను. రామచంద్రను ఆ మాటను పట్టుకొనెను. నమూనాలకై దూరము పోనక్కఱ లేకపోయెను. అదే పట్టణమున కేంద్ర తోళ్ల పరిశోధనాలయము ఉండెను. గోపీనాథ్ కర్తాతో కలిసి 1954లో, మఱింత సవరించి 1955లో, కొలాజెను మూడు పోగులు పెనవేసికొనిన ముప్పేట త్రాడు వంటిదని ప్రకటించిరి. మన ఎముకలకు, చర్మమునకు, కండరపు త్రాళ్లకు బలమిచ్చునది ఆ ముప్పేటయే. నాటి సహకారమునకు గుర్తుగా ఆ పరిశోధనాలయమునందలి సభామందిరము నేటికిని ఆ ముప్పేట పేరనే పిలువబడుచున్నది.

ఆ పరిశోధనాలయమును లోకమునకు ఎఱుకపఱచిన వారు మన యలవర్తి నాయుడమ్మ. 1922 సెప్టెంబరు 10న తెనాలి ప్రాంతమునందలి యలవఱ్ఱు గ్రామమున రైతు కుటుంబములో పుట్టి, కాశీలో పారిశ్రామిక రసాయనము చదివి, అమెరికాలో లీహై విశ్వవిద్యాలయమున తోలు రసాయనమున డాక్టరు పట్టము పొందిరి. తోలు పని యనిన ముఖము త్రిప్పుకొను సమాజమున ఒక రైతు బిడ్డ ఆ పనినే జీవితముగా ఎన్నుకొనుట సామాన్యము కాదు. 1958లో డైరెక్టరైన పిదప వారు విశ్వవిద్యాలయము, పరిశోధనాలయము, తోళ్ల పరిశ్రమ అను మూడింటిని ఒక్కచోటికి తెచ్చుటకు పాటుపడిరి. పరిశోధకుడు తోలు ఊరవేయువాని వద్దకు పోవలెను, ఊరవేయువాడు ప్రయోగశాలలోనికి జంకు లేక రావలెను అనునది వారి పద్ధతి. మద్రాసు విశ్వవిద్యాలయమున పాలిమరు రసాయన శాస్త్రమును పెంచిన ముషి సంతప్పగారు తరువాత అదే పరిశోధనాలయమునకు డైరెక్టరైరి. తోలును, కృత్రిమ పాలిమరును ఒకే కంటితో చూచు అవకాశము అట్లు కలిగెను.

1971లో నాయుడమ్మగారు సి.ఎస్.ఐ.ఆర్. డైరెక్టరు జనరలుగా ఢిల్లీకి వచ్చిరి. రఫీ మార్గమందలి ఆ కార్యాలయమున 1977 వరకు ఉండిరి. ఆ కాలముననే ప్రయోగశాలల విద్యను ఒక జిల్లా ప్రజల అవసరములకు ఉపయోగింప దలచి మన కరీంనగరము జిల్లాను ఎంచుకొనిరి. శాస్త్రజ్ఞులు పల్లెలకు పోయి, ముందు జనుల మాట వినవలెనని వారి ఉద్దేశము. 1981లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా మఱల ఈ నగరమునకు వచ్చిరి. 1985 జూన్ 23న అట్లాంటిక్ సముద్రముపై కూలిన కనిష్క విమానములో మరణించిన 329 మందిలో వారొకరు. ఈ వృత్తాంతము చెప్పి మా పెద్దలు ఆనాడు మఱి మాటలాడలేదు. ఇరువురము మౌనముగా ఇంటికి నడచితిమి.

మూడవ ఉదాహరణము నా బాల్యమునకు సంబంధించినది గనుక, దానిని ముందుగా నేనే చెప్పితిని.

మా పెదనాన్నగారి కుమారుడు నా ఈడువాడు. రెండేండ్ల ప్రాయమున పోలియో సోకి వాని కాళ్లు రెండును చచ్చుపడెను. తొడ మొదలు పాదము వరకు ఇరుప్రక్కల ఇనుప కడ్డీలు, తోలు పటకాలు, అడుగున బరువైన బూటు. దానిని మేము కాలిపరు అనెడివారము. బడికి ఒకటిన్నర మైలు నడవవలెను. వర్షము కురిసిన దినమున బురదలో ఆ ఇనుముతో అడుగు పడదు. అప్పుడు పెద్ద పిల్లలు వానిని వీపున ఎక్కించుకొనగా, నేను ఆ కాలిపరులను భుజమున వేసికొని వెనుక నడచెడివాడను. ఆ బరువు నా భుజమునకు నేటికిని జ్ఞాపకమున్నది. పదియవ తరగతికి రాకమునుపే వాడు బడి మానెను. చదువు రాక కాదు, నడువలేక.

మా పెద్దలు విని, హైదరాబాదు కథ చెప్పిరి. 1982 మొదలు అచ్చటి రక్షణ పరిశోధనాభివృద్ధి ప్రయోగశాలకు అబ్దుల్ కలాము డైరెక్టరుగా ఉండిరి. 1989 మే 22న ఎగిరిన అగ్ని క్షిపణికొఱకు అత్యంత తేలికయై, వేడికి తాళు మిశ్రమ పదార్థములను అచ్చట రూపొందించిరి. సన్నని నారలను జిగురు వంటి పదార్థముతో బంధించి చేయునవే మిశ్రమ పదార్థములు. మట్టిలో గడ్డి కలిపి గోడ పెట్టు మన పూర్వుల తెలివియే మఱియొక రూపమున. ఒకనాడు నిజాము వైద్య విజ్ఞాన సంస్థ నుండి ఎముకల వైద్యు డొకరు ఆ ప్రయోగశాలను చూడవచ్చి, అచ్చటి ముక్క నొకదానిని చేత నెత్తి, దాని తేలికదనమునకు ఆశ్చర్యపడెను. కలామును తన ఆసుపత్రికి తీసికొనిపోయి, మూడు కిలోలకు పైబడిన లోహపు కాలిపరులను ఈడ్చుకొనుచు నడచు పిల్లలను చూపి, వీరి బాధ తీర్పుమని కోరెను. మూడు వారములలో 300 గ్రాముల కాలిపరు తయారయ్యెను. పాదము నేలపై మోపినప్పుడు నేల తిరిగి నెట్టు బలమే మోకాలిని నిటారుగా నిలుపునట్లు దాని ఆకృతిని కల్పించిరి. తన జీవితమున మిక్కిలి ఆనందము కలిగించిన సందర్భములలో కలాము దీనిని చేర్చి పలుసభలలో చెప్పియుండిరి.

క్షిపణి పదార్థము కాలిపరు కావలెనని ఏ ప్రణాళికలోను వ్రాసియుండలేదు. వైద్యుడు ఆ ముక్కను చేత నెత్తుట, శాస్త్రజ్ఞుడు ఆసుపత్రికి నడచుట, ఈ రెండే కారణములు. మా వానికి అప్పటికే బడి దాటిపోయినది. అయినను వాని వంటివారు ఎందఱో తేలికగా అడుగు వేసిరని విన్నప్పుడు నా మనస్సు చల్లబడెను.

పోలియో ప్రసంగమున ఢిల్లీకి ఒక స్థానము కలదు. 1994 అక్టోబరు 2న ఈ నగరముననే పల్స్ పోలియో మొదలై, మఱుసటి యేడు దేశమంతట వ్యాపించెను. 2011 జనవరిలో బెంగాలు రాష్ట్రమున కనబడిన కేసే దేశమున చివరిది. 2014 మార్చి 27న మన ప్రాంతము పోలియో రహితమని ప్రకటింపబడెను. నా కుమార్తెకు చుక్కలు వేయించుటకు పోయినప్పుడు, నర్సు మందుబుడ్డిపై గుండ్రని గుర్తు నడుమనున్న చిన్న చౌకమును చూచి, తరువాతనే మూత తీసెను. అది ఏమో నాకు చాలకాలము తెలియదు. హౌజ్ ఖాస్‌లోని ఐ.ఐ.టి.లో పాలిమరులపై పరిశోధన చేయుచున్న మా జిల్లా అమ్మాయి ఒకతె, ఉగాదినాడు మా ఇంటికి భోజనమునకు వచ్చినప్పుడు ఆ రహస్యము విప్పెను.

“ఆ చౌకంలో చిన్న అణువులుంటాయి బాబాయి గారూ. వేడి తగిలేకొద్దీ అవి ఒకదానికొకటి తగులుకొని పాలిమరు అవుతాయి. అట్లా అయ్యేకొద్దీ నల్లబడుతుంది. చుట్టూ ఉన్న వలయమంత నల్లబడితే ఆ మందు పారెయ్యాలి.”

చుక్కల మందు వేడికి చెడును. చెడినదో లేదో కంటికి తెలియదు. మంచుపెట్టె పట్టుకొని ఎండలో సందులు తిరుగు కార్యకర్తకు ఇది మిక్కిలి చిక్కు. ఆ చిక్కు తీర్చుటకై, వేడిని లెక్కించు పని ఆ చౌకమునకు అప్పగించి, 1996 మొదలు పోలియో మందుబుడ్లపై దానిని అంటించిరి. చదువు అంతగా లేని కార్యకర్త కూడ ఒక్క చూపుతో చదువగల లెక్క అది. లక్కయింటి నాటి జిగురు నుండి ఈ చౌకము వరకు సూత్రము ఒకటే: చిన్నవి కూడి పెద్దదగుట.

ఇంతవరకు ఇతరుల మాటలు చెప్పితిని. ఇక నా మాట చెప్పవలెను. చెప్పనిచో ఈ వ్యాసము వ్రాయుటకు నాకు అర్హత లేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట నా బల్లమీదికి ఒక ఉత్తరము వచ్చెను. ఒక జిల్లాలో ప్రత్యేక అవసరములు గల పిల్లలకు పాఠము చెప్పు ఉపాధ్యాయుడు వ్రాసినది. తన వద్ద ఒక బాలుడు పాత ఇనుప కాలిపరుతో నడువలేక బడి మానునట్లున్నాడనియు, తేలిక కాలిపరులు ఎచ్చట దొరకునో తెలుపగోరుచున్నాననియు అందులో ఉండెను. ఆ విషయము మా విభాగమునకు చెందినది కాదు. “తగు చర్య నిమిత్తము సంబంధిత కార్యాలయమునకు బదలాయించవచ్చును” అని వ్రాసి సంతకము చేసితిని. నియమము ప్రకారము అందు దోషము లేదు. ఆ బరువు నా భుజమునకు తెలిసియుండియు ఆ కాగితము చదివినప్పుడు నాకు భుజము జ్ఞాపకము రాలేదు. కాగితము కాగితముగానే కనబడెను.

హైదరాబాదు కథ విన్ననాడు నేను ఈ సంగతిని మా పెద్దలతో ఒప్పుకొంటిని. వారు నన్ను నిందింపలేదు. కొంతసేపటికి, “ఆ ఉత్తరంలో ఫోను నంబరు ఉందా?” అని అడిగిరి.

“ఉందండి.”

“చేశారా?”

నేను తల వంచుకొంటిని.

మఱునాడు పాత ప్రతిని వెదకించి, ఆ సంఖ్యకు ఫోను చేసితిని. ఉపాధ్యాయుడు వేఱొక ఊరికి బదిలీ అయియుండెను. మర్యాదగా మాటలాడెను. ఉత్తరము సంగతి ఆయన మఱచిపోలేదు. బాలుడు ఆ యేడే బడి మానెననియు, ఇప్పుడు పెద్దవాడై అంగడిలో కూర్చుండుననియు చెప్పెను. 1972లో కాన్పూరున ప్రభుత్వము స్థాపించిన కృత్రిమ అవయవముల సంస్థ పేరును, ఈ ఢిల్లీ నగరముననే విష్ణు దిగంబర మార్గమున ఉన్న వికలాంగుల జాతీయ సంస్థ చిరునామాను తెలుపుటకు ఆనాడు రెండు వాక్యములు చాలియుండెడివి. అవి నేను వ్రాసిన బదలాయింపు వాక్యముకంటె పెద్దవి కావు. ఇప్పుడైనను ఆ యువకునికి ఆ వివరములు అందజేయుమని కోరితిని, ఆయన అంగీకరించెను. తరువాత ఆ యువకుడు ఆ సంస్థకు పోయెనో లేదో నాకు తెలియరాలేదు.

మొదట నా కాలికి చుట్టుకొనిన ప్లాస్టిక్కు సంచి ప్రస్తావన ఒకటి మిగిలియున్నది. గొలుసు పొడవై దృఢమగుట వలన కలిగిన మేలే, ఒక్కసారి వాడి పారవేయు వస్తువుల విషయమున కీడైనది. చెడక నిలుచునది చెత్తగాను చెడక నిలుచును. 2022 జూలై 1 నుండి అట్టి కొన్ని వస్తువులను మన దేశమున నిషేధించిరి. నిషేధము వ్రాయుట మావంటివారికి తెలియును. కాని ఏ ప్లాస్టిక్కు దేనితో కలిసినచో మఱల పనికిరాదో, దేనికి బజారులో ధర పలుకునో గాజీపూరు చెత్తకొండ వద్ద ఏరుకొను స్త్రీకి తెలిసినంతగా మాకు తెలియదు. ఆమెను ఎవరైన అడిగిరా అని మా అమ్మాయి ప్రశ్నించెను. ఇంకను వినవలసిన సంభాషణములలో అది ఒకటి.

చరిత్రను బట్టి నాకు తోచినది ఇంతే. చమురు బావివాడు ఆచార్యుని తలుపు తట్టెను. అతిథి మాటను రామచంద్రను పట్టుకొనెను. నాయుడమ్మ లంద గుంట వద్దకు నడచెను. వైద్యుడు తేలిక ముక్కను చేత నెత్తెను. ప్రతిచోటను కష్టమెఱిగినవాడును కారణమెఱిగినవాడును ముఖాముఖి కలిసికొనిరి. మనము, అనగా కాగితములు నడుపువారము, ఆ ఇరువురి నడుమ కూర్చున్నాము. మన వలన ఆ కలయిక సులభము కావచ్చును, ఆగిపోవచ్చును. ఏది జరుగునో చాలసార్లు ఒక్క వాక్యము నిర్ణయించును.

మన సంఘమున గుమాస్తాలున్నారు, కార్యదర్శులున్నారు, పూసాలోను హౌజ్ ఖాస్‌లోను పనిచేయు పరిశోధకులును ఉన్నారు. ఉగాదినాడు పంచాంగ శ్రవణము, పాటకచ్చేరి ముగిసిన పిదప అందఱము ఒకే పంక్తిని భోజనము చేయుదుము; కాని ఒకరి పని ఒకరికి తెలియదు. సంవత్సరమున ఒక సాయంకాలము, ఉపన్యాసము లేక, దండలు లేక, ఒక పరిశోధకుని చుట్టును కూర్చుండి మన ఊళ్లలోని కష్టములు చెప్పుకొని, వారి సమాధానములు విందుమని సభ్యులకు మనవి చేయుచున్నాను. మా పొరుగు పెద్దలు మొదటి సాయంకాలమునకు రా నంగీకరించిరి. తపసి బంక తునక నొకదానిని, ఒక నీళ్ల గ్లాసును తెచ్చెదమనిరి. మిగిలినది మనము అడుగుటయే.